హనుమకొండ దగ్గర ఏఏ (తాగుడు మానాలనుకునేటోళ్ల ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగ్: నాకు సరిపడేది ఎట్ల దొరుకుతది?

చెరువుకట్ట · శనివారం, రాత్రి 10:52

అందరికి నమస్తే. ఈడ రాసుడు మొదటిసారి. పరకాల దిక్కు ఒక ఊర్ల సర్కారు బడి సారును. వయసు 43. తాగుడు ఇరవై ఏండ్ల సంది ఉన్నది, కని ఆఖరి నాలుగేండ్లల రోజుకొక హాఫ్ దాంక పోయింది. ఆదివారమైతే లెక్కే లేదు.

తొమ్మిది రోజుల కింద నాలుగో తరగతి పిల్లగాడు నోట్‌బుక్కు దిద్దిపిచ్చుకుంట మొకం పక్కకు తిప్పుకున్నడు. ఏందిరా అంటే "సార్, మీ కాడ మా నాయిన వాసనొస్తుంది" అన్నడు. తప్పు పట్టి అనలే, ఉన్నది అన్నడు అంతే. అప్పుడు పొద్దుగాల తొమ్మిదిన్నర. ఆ రోజు సంది ముట్టలే.

ఒక్కన్నే ఆగలేనని సమజైంది. పోయిన మంగళవారం హనుమకొండల ఒక మీటింగ్ జాగ తెలుసుకొని పోయిన సుత. గేటు కాడ మా మండలపాయన బండి కనపడ్డది. నంబర్ ప్లేటు మీద ఆయన బిడ్డ పేరు రాసి ఉంటది, గుర్తుపట్టిన. అటే మళ్లిన. బస్టాండు దాంక నడుమ మూడు వైన్సులు. మూడోదాని ముంగట జరసేపు నిలబడ్డ. తాగలే. కని నిలబడ్డ.

నాకు తెలుగుల నడిచే మీటింగ్ కావాలె. ఇంగ్లిష్ సమజైతది గని ఏడుపు ఇంగ్లిష్‌ల రాదు. నన్నెరిగినోళ్లు ఉండొద్దు. ఆరు దాటినంక మొదలై, మళ్ల పరకాల బస్సు దొరికే యాళ్లకు అయిపోవాలె. ఇంకోటి, దేవుని మీద నాకు అంత గురి లేదు. పైసలెంత కట్టాలెనో సుత చెప్పుండ్రి.

నిర్వాహకుడు · శనివారం, రాత్రి 11:05

చెరువుకట్ట గారూ, స్వాగతం. అందరికీ ఒక మాట: మనుషుల పేర్లు, సొంత ఫోన్ నంబర్లు, మీటింగ్ చిరునామాలు ఇక్కడ బయట రాయకండి. ప్రైవేట్ మెసేజ్‌లో ఇచ్చుకోండి. ప్రభుత్వ నంబర్లు రాయడానికి అభ్యంతరం లేదు. మత్తు మానాలనుకునేవాళ్ల సలహా కోసం 14446 ఉంది. మానసిక ఆరోగ్య సలహా కోసం టెలీ మానస్ 14416, ఇది 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. రెండూ ఉచితం.

లోకోషెడ్_కాజీపేట · శనివారం, రాత్రి 11:31

సార్, ముందుగాల పైసల ముచ్చట, అది అల్కటిది. ఏఏల ఫీజు లేదు, పేరు రాసుకునుడు లేదు, ఆధార్ అడుగుడు అసలే లేదు. మీటింగ్ ఆఖర్ల ఒక సంచి తిప్పుతరు. ఉంటే పదో ఇరవయ్యో ఏస్తరు, లేకుంటే పక్కోనికి అందిస్తరు. ఆ పైసలతోనే గది కిరాయి, చాయ్, పుస్తకాలు. బయటోళ్లు లక్ష ఇస్తమన్నా తీస్కోరు. 1935ల అమెరికాల ఇద్దరు తాగుబోతులు, ఒకాయన షేర్ మార్కెట్ మనిషి, ఇంకొకాయన డాక్టర్, ఒకలి మొకం ఒకలు చూసుకొని మొదలుపెట్టింది ఇది. చేరనీకె ఒక్కటే అర్హత, తాగుడు మానాలన్న కోరిక. మానినోడే రావాలె అని లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు. గీ తేడా పట్టుకోండ్రి.

ఇగ గుర్తుపడుతరన్న భయం. నేను రైల్వేల పనిచేస్త. మా కాడ డ్యూటీకి ఎక్కేముందు నోట్లె గొట్టం పెట్టి ఊదిపిస్తరు. మీటింగుకు పోతున్నట్టు తెలిస్తే నౌకరి పోతదని రెండేండ్లు పోలే. తమాష ఏందంటే, ఆ రెండేండ్లల నేను తాగుతున్న సంగతి కాజీపేట జంక్షన్‌ల చాయ్ అమ్మెటోనికి సుత తెలుసు. మనం తాగుడు దాస్తలేం సార్. మానుడు దాస్తున్నం.

మీ మండలపాయన లోపల ఉన్నడే అనుకోండ్రి, ఎందుకున్నడు? మీరు పోయిందెందుకో ఆయన పోయిందీ అందుకే. రేపు ఊర్ల మీ పేరెత్తాలంటే ముందు ఆయన పేరు చెప్పుకోవాలె.

మీటింగులల్ల రెండు తీర్లు. ఓపెన్ మీటింగుకు భార్య, బిడ్డలు, దోస్తులు, ఎవలైనా రావచ్చు. క్లోజ్డ్ అంటే తాగుడు మానాలనుకునేటోళ్లకే. మీకు భయం పోయేదాంక క్లోజ్డ్‌కు పోండ్రి. నాకు తెలిసినయి రెండున్నయి, మెసేజ్‌ల పంపుత.

ఉక్కు_సంకల్పం · ఆదివారం, ఉదయం 6:14

మనసు గట్టిగ ఉంటే ఇయన్నీ ఎందుకన్నా? మా మామ ఒక్క రోజుల బంద్ పెట్టిండు. భద్రకాళి గుడికాడ ఒట్టు పెట్టుకున్నడు, అయిపోయింది.

లోకోషెడ్_కాజీపేట · ఆదివారం, ఉదయం 6:40

మీ మామకు దండం. నేను గదే గుడికాడ నాలుగుసార్లు ఒట్టు పెట్టుకున్న.

నైట్‌డ్యూటీ_పీజీ · ఆదివారం, ఉదయం 7:20

నేను మానసిక వైద్య విభాగంలో చదువుకుంటున్నాను. చెరువుకట్ట సార్, మీకు పది రోజులు నిండాయి, చేతులు వణకడం, ఫిట్స్ లాంటివేం రాలేదు కదా? అయితే ప్రమాదపు మెట్టు చాలావరకు దాటినట్టే. కానీ "ఒక్క రోజుల బంద్" అనే మాట చదివి రేపే ఎవరైనా మొదలుపెడతారని భయమేసి రాస్తున్నాను.

ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఆరేడు గంటల నుంచే వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. 12 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి లేని పురుగులు గోడమీద కనిపిస్తాయి, ఏ ఊళ్లో ఉన్నారో తెలియదు, జ్వరం వస్తుంది. దీన్ని గాలి సోకిందని చెట్టుకిందికి తీసుకుపోయి ఆలస్యం చేసిన ఇళ్లు చూశాను. ఇది ప్రాణం తీయగలదు. అలాంటివాళ్లు ముందు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో, దగ్గర్లోని పెద్దాసుపత్రికో వచ్చి మానసిక వైద్య ఓపీలో చూపించుకోండి. కొన్ని రోజుల మందులు, బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇస్తాం. మీటింగు దానికి బదులు కాదు, దాని తర్వాతి మెట్టు. మందులు ఒళ్లును నిలబెడతాయి. ముప్పయ్యో రోజున దోస్తు గ్లాసు చేతికిచ్చినప్పుడు నేనుండను, మీటింగులో కలిసిన మనిషి ఫోనెత్తుతాడు.

ముగ్గురు_పిల్లల_తల్లి · ఆదివారం, మధ్యాహ్నం 2:03

నేను తాగను, తాగేటాయన పెండ్లాన్ని. నేను రాయచ్చునో లేదో.

మా ఆయనను రెండేండ్ల కింద ఒక ప్రైవేటు సెంటర్ల ఏసినం. రాత్రి నలుగురు వచ్చి జీపుల ఎత్తుకపోయిండ్రు. మూడు నెలలు ఫోన్ ఇయ్యలే. పుస్తెలతాడు కుదవపెట్టి పైసలు కట్టిన. బయటికొచ్చిన రోజే హన్మకొండ చౌరస్తల దిగి తాగిండు. తాగుడు కంటే నన్ను ఎక్కువ పగబట్టిండు. తర్వాత ఎవలో చెప్తే ఆయనకు తెల్వకుంట పప్పుల కలిపే పొడి తెప్పిచ్చిన. ఇంక కలపలే. ఇంట్ల ఉప్పుడబ్బ ఎనుక ఉన్నది. కలపాల్నా?

నైట్‌డ్యూటీ_పీజీ · ఆదివారం, మధ్యాహ్నం 2:11

అక్కా, కలపకండి. దయచేసి. అలాంటి పొడుల్లో చాలావాటిలో ఏముంటుందో ఎవరికీ తెలియదు. కొన్నిట్లో డైసల్ఫిరామ్ అనే మందు కలుపుతారు. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి బీపీ పడిపోతుంది, మనిషి పోవచ్చు కూడా. ఆపిన తర్వాత సైతం రెండు వారాల దాకా ప్రభావం ఉండొచ్చు. మేం అది రాసేది మనిషికి చెప్పి, ఒప్పుకుంటేనే, రక్తపరీక్షలు చూసుకుని.

సెంటర్ సంగతి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఇలాంటి కేంద్రం నమోదై ఉండాలి, డాక్టర్ ఉండాలి, మనిషిని జీపులో ఎత్తుకుపోవడం వైద్యం కాదు. ఇంకోసారి చేర్పించే ముందు నమోదు పత్రం చూపించమని అడగండి. చూపించనివాళ్ల దగ్గర ఒక్క రూపాయి కట్టకండి.

ఎనిమిదో_ఇంక్లైన్_తాత · ఆదివారం, సాయంత్రం 5:48

బిడ్డా, నువ్వు రాయకుంటే ఎవలు రాస్తరు? తాగేటోని ఇంటోళ్ల కోసం వేరే మీటింగులే ఉన్నయి, అల్-అనాన్ అంటరు. ఆయన మానినా మానకున్నా నువ్వు పోవచ్చు. మన దిక్కు తక్కువ, కని ఫోన్ల దొరుకుతయి. మా ఇంటామె ఫోన్ల వింటది. నేను మానినంక ఆమె అందుల చేరింది, ఎందుకే అంటే "నువ్వు మానినవ్, నా భయం మానలే" అన్నది.

ఇగ సారు ముచ్చట. నేను సింగరేణిల భూమిలోపల 31 ఏండ్లు చేసి రిటైరైన. గోదావరిఖని. తాగుడు ఎట్లుండెనంటే ఒక ఏడాది నూరు మస్టర్లు (హాజరీలు) సుత నిండలే. 1995ల సర్కారు మద్యనిషేధం పెట్టిన్నాడు, ఇగ నేను మారుత అనుకున్న. ఏడ మారుడు! మహారాష్ట్రల ఉన్న బల్లార్షా దిక్కుకెళ్లి వచ్చే రైలు ఉండనే ఉండె, ఇంటెనుక గుడుంబ ఉండనే ఉండె. 1997ల నిషేధం ఎత్తేస్తే నేను మిఠాయి పంచిన. ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గైతది.

నా మొదటి మీటింగ్ నాకు పడలే. భాగ్యనగర్ రైలెక్కి సికింద్రాబాద్ పోయిన, ఎవలూ గుర్తుపట్టొద్దని. మంచి గది, ఫ్యాన్లు, ఇస్త్రీ అంగీలు. అంత ఇంగ్లిష్. అందరు నవ్వితే నేనూ నవ్విన, అందరు చప్పట్లు కొడితే కొట్టిన. మళ్ల రైలెక్కి ఇంటికొచ్చి తాగిన. ఏఏ నాకు పనిచెయ్యదని ఊరంత చెప్పిన. ఒక్క మీటింగ్ చూసి! ఒక్క హోటల్ల పప్పు బాగలేదని అన్నం మానుకున్నట్టు.

ఏడాది అయినంక ఒక పాత దోస్తు మంచిర్యాలకు తోలుకపోయిండు. ఏడుగురే ఉన్నరు. రేకుల గది. ఒకాయన ఆటో డ్రైవర్, ఒకాయన బ్యాంక్ మేనేజర్, ఒక్కటే బెంచి మీద. ఆ ఆటో ఆయన "నేను నా బిడ్డ పెండ్లిల మండపం ఎనుక పండుకున్న, అప్పగింతలకు లేపినా లేవలే" అన్నడు. నా బిడ్డ పెండ్లిల నేను పండుకున్నది వంటగది ఎనుక. అంతే తేడా. ఆ మాట తెలుగుల అన్నడు కాబట్టి నాకు తలిగింది.

కష్టమేందంటే మాకు వారం వారం షిఫ్టు మారుతది. ఫస్ట్ షిఫ్ట్ ఉన్న వారమే మీటింగ్ అందుతది, సెకండ్ షిఫ్ట్‌ల అందది. అందుకని నేను నాలుగు ఊర్ల మీటింగుల దినాలు ఒక కాయితం మీద రాసి టిఫిన్ డబ్బ మూతల అంటిచ్చుకున్న. ఒకటి తప్పితే ఇంకోటి. సారూ, మీరు సుత ఒక్కదాని మీద పడకుండ్రి. నాలుగైదు చూడుండ్రి. ఒక్కో గ్రూపుకు ఒక్కో రుచి. ఒకకాడ పుస్తకం చదువుతరు, ఒకకాడ ఎవల కథ వాళ్లు చెప్పుకుంటరు, ఒకకాడ ముసలోళ్లు ఎక్కువ. మాట్లాడాల్నని బలవంతం లేదు, "ఇయ్యాల ఇంట" అంటే చాలు.

చెరువుకట్ట · ఆదివారం, రాత్రి 9:30

తాత, మీరు రాసింది రెండుసార్లు చదివిన. డాక్టర్ గారు, మొదటి మూడు రోజులు వణుకుడు, చెమటలు అయినయి, ఇప్పుడు లేదు. బీపీ చూపిచ్చుకుంట.

దేవుని ముచ్చట ఎవలూ చెప్పలే. తాగుడు మానేతందుకు ఏఏల చెప్పే పన్నెండు మెట్లల దేవుడు మస్తుసార్లు వస్తడని చూసిన.

ప్రశ్నార్థకం · ఆదివారం, రాత్రి 9:58

నేను నాస్తికుణ్ని, హేతువాద సభలకు తిరిగినోణ్ని. నాలుగేండ్లు నిండినయి. మీ అనుమానం నాకూ ఉండె. ఆ మెట్లు 1939ల అచ్చైన పుస్తకంలయి, రాసినోళ్లు క్రైస్తవ వాతావరణంకెళ్లి వచ్చినోళ్లు, ఆ వాసన ఉంటది. కని అందుల "మనకు అర్థమైన రీతిలో దేవుడు" అనే మాట పెట్టిండ్రు. ఆ సందుల నేను దూరిన. మా గ్రూపుల ఒకాయన సమ్మక్క అంటడు, ఒకాయన అల్లా అంటడు, నేను గ్రూపు అంట. నాకంటె పెద్ద శక్తి అంటే, నేను ఒక్కన్ని చెయ్యలేంది ఈ పదిమంది మధ్య చేస్తున్న, లెక్క కుదిరింది. ప్రార్థన టైముల నేను గమ్మున నిలబడుత. ఎవలూ ఏమనలే.

అదీ వద్దంటే స్మార్ట్ రికవరీ అని ఉన్నది, 1994ల అమెరికాల మొదలైంది. దేవుడు లేడు, మెట్లు లేవు, ఆలోచన మార్చుకునే పద్ధతులు నేర్పుతరు. ఆన్‌లైన్ మీటింగులు ఎక్కువ ఇంగ్లిష్‌లనే. మీ ఏడుపుకు పనికి రాకపోవచ్చు.

లోకోషెడ్_కాజీపేట · ఆదివారం, రాత్రి 10:10

ప్రశ్నన్న గమ్మున నిలబడడు, ప్రార్థన టైముల చాయ్ కలుపుతడు. కొంచెం చక్కెర ఎక్కువేస్తడు. గంతే ఫిర్యాదు.

ఈతచెట్టు_ఆర్మూర్ · సోమవారం, ఉదయం 8:45

నడుమల వస్తున్న, ఏమనుకోకుండ్రి. నేను మందు తాగ. కల్లే. దినాం దుకాణంల ఐదారు సీసలు. ఒక్క రోజు దొరకకుంటే పిచ్చిలేస్తది, మెడ వంకరపోయింది ఒకసారి. ఇది తాగుడు కిందికి వస్తదా? నన్ను మీటింగుల రానిస్తరా?

నైట్‌డ్యూటీ_పీజీ · సోమవారం, ఉదయం 9:02

అన్నా, మీరు ముందు నిజామాబాద్ పెద్దాసుపత్రికి రండి, తర్వాత మీటింగ్. చెట్టు కల్లుకు అలా అవ్వదు. దుకాణం కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు మందులు కలిపినవి దొరుకుతాయని మీ జిల్లాలో అందరికీ తెలుసు. మీ ఒంటికి అలవాటైంది ఆ మందు. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయి. డాక్టర్ పర్యవేక్షణలో మెల్లమెల్లగా తగ్గించాలి. సొంతంగా ఆపకండి. ఈ వారంలోనే.

ఎనిమిదో_ఇంక్లైన్_తాత · సోమవారం, ఉదయం 9:30

రానిస్తరు కొడుకా. కల్లా, గుడుంబనా, ఫారిన్ సీసనా అని గేటు కాడ ఎవలూ అడగరు. దవాఖానకు పోయిరా ముందు.

చెరువుకట్ట · శుక్రవారం, రాత్రి 9:47

నిన్న పోయిన. లోకోషెడ్ అన్న చెప్పిన రెండిట్ల మొదటిదానికి.

బాగలేదు. ఉన్నది చెప్తున్న. ఒక పెద్దమనిషి నలబై నిమిషాలు ఆయనే మాట్లాడిండు. కొత్తోళ్లు అహంకారం ఇడువాలె అనుకుంట నా దిక్కే చూసిండు. నేను బడిల పిల్లలకు చెప్పే తీరు గుర్తొచ్చింది, అది ఇంకా బాధ. ఆఖరికి చాయ్ సుత తాగకుంట వచ్చిన. పద్నాలుగో రోజు. బస్సుల కూసుంటే ఇగ ఇది నాతోని కాదు అనిపిచ్చింది.

ప్రశ్నార్థకం · శుక్రవారం, రాత్రి 9:55

అసొంటోళ్లు ప్రతి గ్రూపుకు ఒకరుంటరు. మా దాంట్ల నేనే. రెండోది ఎప్పుడు?

లోకోషెడ్_కాజీపేట · శుక్రవారం, రాత్రి 10:20

నాదే తప్పు సార్. ఆ పెద్దాయన వస్తడని చెప్పాల్సింది. రెండోది ఆదివారం సాయంత్రం ఆరున్నరకు. నేను వస్త. బస్టాండుల పరకాల బస్సులు ఆగే కాడ ఆరింటికి నిలబడుత, చేతుల నీలం టిఫిన్ డబ్బ ఉంటది. మీటింగుల పక్కపక్కన కూసోవాలెనన్న రూల్ లేదు, మీకు ఇబ్బందైతే ఎనుక బెంచిల కూసుంట.

ఇంకో మాట. ఆ రెండు రోజులు తాగాల్ననిపిస్తే ముందు ఫోన్ చెయ్యుండ్రి. తాగినంక కాదు. రాత్రి రెండైనా సరే, నేను ఎట్లయినా గూడ్స్ బండి మీద మేలుకొనే ఉంట, సిగ్నల్ కాడ ఆగినప్పుడు మిస్డ్ కాల్ చూసి చేస్త.

ముగ్గురు_పిల్లల_తల్లి · శనివారం, ఉదయం 11:15

పొడి మోరీల పారబోసిన. ఫోన్ల మీటింగ్ ఒకటి ఇన్న. కెమెరా బంద్ పెట్టుకొని, బియ్యం చెరుగుకుంట. ఎవలో ఒకామె ఆమె మొగని చెప్పుల చప్పుడు బట్టే ఎంత తాగిండో చెప్తా అన్నది. నేనూ అంతే.

చెరువుకట్ట · ఆదివారం, రాత్రి 10:36

పోయొచ్చిన.

నీలం డబ్బ ఆయన దొరికిండు. దారిల బండి ముచ్చట చెప్పిన. ఆయన నవ్వి, నేను మంగళవారం మళ్లిపోయిన ఆ గేటు కాడికే నన్ను తోలుకపోయిండు. రెండో మీటింగ్ ఆడనే అట. పక్క షట్టర్ల ఒక లేడీస్ టైలర్ ఉన్నడు. మా మండలపాయన అక్కడికొచ్చిండు కావచ్చు, భార్య జాకెట్ల కోసం. ఇయ్యాల సుత ఆ బండి ఆడనే ఉన్నది. టైలర్ దగ్గర కూసొని గట్టిగ బేరం చేస్తుండు. నన్ను చూసి "ఏం సార్, ఇటొచ్చిండ్రు" అన్నడు. "పని ఉండె" అన్న. ఆయన మళ్ల బేరంల పడ్డడు. గింత దానికి నేను రెండు వారాలు ఖరాబు చేసుకున్న.

లోపల తొమ్మిది మంది. గోడ మీద తెలుగుల రాసిన పన్నెండు మెట్లు, ఒక పక్క చెద పట్టింది. అందరు పేరు మాత్రమే చెప్పిండ్రు, ఇంటిపేరు లేదు, ఊరు లేదు. నా వంతొచ్చినప్పుడు ఇంటనే అందామనుకున్న. కని పిల్లగాని మాట చెప్పిన. ఎవలూ చప్పట్లు కొట్టలే, సలహా ఇయ్యలే. ఒక్కాయన, కూరగాయల మార్కెట్ల హమాలీ అట, కండువ మొకానికి అడ్డం పెట్టుకున్నడు. ఆఖరికి "ఆ నాయిన నేనే కావచ్చు సార్, మా పోరడు నాలుగే" అన్నడు. వాళ్లది వేరే ఊరు, మా పిల్లగాడు కాదు. అయినా ఇద్దరం చాయ్ తాగేదాంక ఏం మాట్లాడుకోలే.

పోయేముందు కుర్చీలు మడత పెట్టమన్నరు. పెట్టిన. దినాం పిల్లలతోని పెట్టిపిచ్చేటోన్ని.

ఎనిమిది నలబై బస్సు దొరికింది. ఒక్క అనుమానం. దసరాకు మా బావమర్దులు వస్తరు, యాట, ఫుల్లు బాటిళ్లు ఖాయం. ఆ రోజు మీటింగ్ ఉంటదా?

లోకోషెడ్_కాజీపేట · ఆదివారం, రాత్రి 11:02

ఉంటది. పండుగ రోజే గట్టిగ ఉంటది. జమ్మి కాడ ఆకు పంచుకొని సక్కగ బస్సెక్కుండ్రి. బావమర్దులకు బీపీ చూపిచ్చుకుంటున్న అని చెప్పుండ్రి, నిజమే కదా.

నర్సంపేట_కొత్తోడు · సోమవారం, ఉదయం 5:50

వారం సంది చదువుతున్న, రాయలే. నాలుగు రోజులైంది నాకు, ఎంజీఎంల చూపిచ్చుకున్న, మందులు వాడుతున్న. దసరానాడు నేను సుత రావచ్చునా? నాకు హనుమకొండల ఏమెరుక లేదు.

చెరువుకట్ట · సోమవారం, ఉదయం 6:05

రా తమ్మీ. బస్టాండుల పరకాల బస్సులు ఆగే కాడ, ఆరింటికి. డబ్బ నా దగ్గర లేదు, చేతుల జమ్మి ఆకు పట్టుకొని నిలబడుత. ఆ రోజు అందరి చేతుల అదే ఉంటది గని, పచ్చ గీతల అంగీ చూడు.